నలుగురయిదుగురు

కథ మీదా, నవల మీదా, కవిత్వం మీదా మన విమర్శకులు కావలసినంత రాశారు. నాటకం మీద కూడా కొంత రాశారు. కాని మనుషుల ప్రాణాలు నేరుగా ఆధారపడి వున్న ఒక రకం వచనాన్ని గురించి విమర్శ రాగా నేను చూడలేదు. అది కోర్టు రికార్డు. నేను ఇరవయ్యేళ్ళకు పైగా ఒక కోర్టు తర్జుమా విభాగంలో కూచుని, కింది కోర్టుల నించి వచ్చిన తెలుగు కాయితాలను ఇంగ్లీషులోకి మార్చాను. ఫిర్యాదులు, మధ్యవర్తుల నివేదికలు, మరణ వాఙ్మూలాలు, ఉత్తరాలు, దస్తావేజులు అన్నీ నా చేతిమీదుగా పోయినవే. వాటిలో మారణాయుధాలతో చేసిన దోపిడీలకు శిక్షపడి, ఆ శిక్షల మీద వేసిన అప్పీళ్ళు చాలా వున్నాయి. ఆ అనుభవం మీద నాకు తోచిన నాలుగు మాటలు విమర్శ పత్రికలో రాయటమే సమంజసం. ఎంచేతనంటే అప్పీలు అనేది మొదటినించి చివరిదాకా విమర్శే.

అప్పీలంటే జనంలో ఒక భ్రమ వున్నది. మళ్ళీ విచారణ జరుగుతుందనీ, సాక్షులు మళ్ళీ బోనెక్కుతారనీ, ముద్దాయి తన గోడు చెప్పుకుంటాడనీ అనుకుంటారు. అదేమీ వుండదు. సాక్షి రాడు. ముద్దాయి ఎక్కడో జైల్లో వుంటాడు. వాడి అప్పీలు ఏ రోజున విన్నారో కూడా వాడికి ఆ సాయంత్రం తెలియదు. జడ్జీ ఎదట వుండేది పేపరు బుక్కు ఒక్కటే. కింది కోర్టు జడ్జీ సాక్షి మొహం చూశాడు, గొంతు విన్నాడు. పై కోర్టు జడ్జీ చూసేది అక్షరాలే. అయినా సరే, శిక్ష మీద వచ్చిన మొదటి అప్పీలులో సాక్ష్యం యావత్తూ తిరిగి తూచే అధికారం ఆయనకు వున్నది, ఆ బాధ్యత కూడా వున్నది. రచయిత ఎదురుగా లేకుండా, పాత్రలు ఎదురుగా లేకుండా, ఒక గ్రంథాన్ని పట్టుకుని ఇందులో ఏది నిజం, ఏది అతుకు, ఏది లోపించింది అని నిర్ణయించటమే ఆయన పని. విమర్శకుడు చేసే పనికీ దీనికీ పద్ధతిలో తేడా లేదు. ఫలితంలోనే తేడా. విమర్శకుడు పొరపడితే ఒక మంచి నవల మరుగున పడుతుంది. జడ్జీ పొరపడితే ఒక మనిషి మరుగున పడతాడు.

ఈ గ్రంథానికి కర్త ఎవరు? దోపిడీకి గురైన రైతు తెల్లవారి పోలీసు స్టేషనుకు పోతాడు. అతను చెబుతాడు, రైటరు రాస్తాడు. అతను చెప్పింది గోదావరి మాండలికం కావచ్చు, పల్నాటి మాండలికం కావచ్చు. కాయితం మీద పడింది స్టేషను మాండలికం. తరవాత ఇనస్పెక్టరు సాక్షుల్ని విచారించి తన మాటల్లో రాసుకుంటాడు. కోర్టులో వకీలు అడిగిన ప్రశ్నా, సాక్షి చెప్పిన జవాబూ రెండూ కలిపి జడ్జీ ఒకే వాక్యంగా చెప్పి రాయిస్తాడు. దానితో ప్రశ్న మాయమయి, మొత్తం సాక్షి తనంతట తానే చెప్పినట్టు కనపడుతుంది. ఇన్ని చేతులు మారిన గ్రంథం మరొకటి మన సాహిత్యంలో లేదు.

మధ్యవర్తుల నివేదిక సంగతి మరీ చిత్రం. నేను తర్జుమా చేసిన ఏ జిల్లా కాయితంలోనైనా ముద్దాయి ఒకే వాక్యం మాట్లాడాడు: తాను స్వచ్ఛందంగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, ఫలానా వస్తువును దాచిన చోటు చూపిస్తానన్నాడు. నిశానీ తప్ప సంతకం చెయ్యటం రానివాడు ‘ప్రోద్బలము’ అనే మాట వాడాడు! కథా రచయిత ఎవరైనా ఇట్లాంటి సంభాషణ రాస్తే పాత్రోచితంగా లేదని మనం చీల్చి చెండాడతాం. కోర్టులో అది రుజువుగా చెల్లుబాటవుతుంది.

పోలీసుల దగ్గర చేసిన ఒప్పుకోలును ముద్దాయి మీద రుజువు చెయ్యరాదని చట్టం మొదటినించీ అంటూనే వున్నది. కాని దానికొక చిన్న తలుపు వున్నది. ముద్దాయి ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా బయటపడితే, ఆ బయటపడిన విషయానికి సంబంధించినంత వరకు ఆ మాటల్ని రుజువు చెయ్యవచ్చు. ఈ తలుపు ఎంత వెడల్పు అన్నదాన్ని తేల్చిన కేసు మన గుంటూరు జిల్లా కేసే. పులుకూరి కోటయ్య కేసని దేశంలో ప్రతి క్రిమినలు వకీలుకూ తెలుసు. 1946 డిసెంబరులో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పు ఇచ్చింది. అది దోపిడీ కేసు కాదు, కొట్లాటా హత్యా కేసు. అందులో ఒక ముద్దాయి తాను పొడిచిన బల్లేన్ని ఫలానా చోట దాచానని చెప్పాడు. దాచిన సంగతి రుజువు చెయ్యవచ్చు, ఎందుకంటే బల్లెం దొరికింది. పొడిచిన సంగతి మాత్రం పనికిరాదు, ఎందుకంటే దాచిన చోటు బయటపడినంత మాత్రాన పొడవటం బయటపడలేదు అన్నారు.

తెలుగు వ్యాకరణంలో చెప్పాలంటే ప్రీవీ కౌన్సిలు వారు ఒక క్రియాజన్య విశేషణాన్ని కొట్టేశారు. ‘నేను దోచుకున్న కడియాలు గడ్డివాములో దాచాను’ అని నివేదికలో వుంటే, ‘దోచుకున్న’ అనే మాట పోవాలి. మిగిలినది వుండాలి. ఆ ఒక్క మాట కింద గీతగీసి తర్జుమా చేసినప్పుడల్లా నాకు వ్యాకరణం మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. అయితే అసలు ప్రశ్న వేరే వున్నది. గడ్డివాములో ఆ కడియాలు పెట్టిందెవరు? దీనికి జవాబు వ్యాకరణంలో దొరకదు.

ఇప్పుడు ఈ వ్యాసానికి పేరు పెట్టిన మాట దగ్గరికి వస్తాను.

నేను ఉద్యోగంలో వుండగా ఒక డెల్టా పల్లె నించి వచ్చిన అప్పీలుకు కాయితాలు తర్జుమా చేశాను. ఊరి చివర ఇంట్లో ముసలి దంపతులు వున్నారు. రాత్రి పన్నెండు దాటాక దొంగలు తలుపు పగలగొట్టి లోపలికి వచ్చి, కత్తి చూపించి, ఆవిడ మెళ్ళో గొలుసూ, పెట్టెలో డబ్బూ, వెండి కడియాలూ, ఇత్తడి బిందెలూ పట్టుకుపోయారు. మర్నాడు ముసలాయన ఇచ్చిన ఫిర్యాదులో వున్న మాట ‘నలుగురయిదుగురు’. ‘నలుగురయిదుగురు మనుషులు లోపలికి వచ్చినారు’ అని. నేను దాన్ని వున్నది వున్నట్టు నలుగురు లేక అయిదుగురు అని ఇంగ్లీషు చేశాను. అంతకన్నా మార్గం లేదు. కాని పోలీసుల అభియోగ పత్రంలో ఆ మాట ‘అయిదుగురు’ అయింది. పట్టుబడినవాళ్ళు నలుగురు. అయిదోవాడు పరారీలో వున్నాడు. వాడికి పేరు లేదు, ఊరు లేదు, పోలిక లేదు. విచారణ అంతా అయి శిక్షలు పడ్డా వాడు పరారీలోనే వున్నాడు.

ఆ పేరులేని అయిదోవాడితో పోలీసులకు ఏం పని? పని వున్నది. నలుగురు కలిసి దోచుకుంటే అది దోపిడీ. అయిదుగురు కలిసి దోచుకుంటే అది బందిపోటు దోపిడీ. భారత శిక్షాస్మృతి 391వ సెక్షను ఆ గీత గీసింది. దోపిడీకి 392 కింద మామూలుగా పదేళ్ళ వరకూ శిక్ష. రహదారి మీద సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య జరిగితే పద్నాలుగేళ్ళ దాకా పోవచ్చు. బందిపోటు దోపిడీకి 395 కింద యావజ్జీవం దాకా పోవచ్చు. ఆ దోపిడీలో ఒకడు హత్య చేస్తే 396 కింద అయిదుగురికీ ఉరి పడవచ్చు. మారణాయుధం వాడినవాడికి 397 కింద ఏడేళ్ళకు తక్కువ వెయ్యటానికి లేదు. కత్తితో పొడవనక్కర్లేదు, ఎదటివాడికి కనపడేటట్టు పట్టుకుంటే చాలు, అది వాడటమే అని సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. 2024 జూలై 1 నించి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, 391, 395లు 310 అయినాయి. అయిదు మాత్రం అయిదుగానే వున్నది.

పేపరు బుక్కు తయారయినాక ముద్దాయిల తరఫు వకీలు, వయసులో చిన్నావిడ, మా విభాగానికి వచ్చింది. ఉచిత న్యాయ సహాయం కింద ఆ కేసు ఆవిడకు వచ్చింది.

“మేష్టారూ, నలుగురో అయిదుగురో అని ఇంగ్లీషులో రాశారు. అసలు తెలుగులో వున్నది కూడా అంతేనాండీ?” అని అడిగింది.

“తెలుగులో అంతకన్నా తక్కువే వున్నదమ్మా. మనం నలుగురయిదుగురు అన్నప్పుడు లెక్క చెబుతున్నామా? లెక్క పెట్టలేదని చెబుతున్నాం. పెళ్ళికి ఎవరొచ్చారంటే పదిమంది వచ్చారంటాం. అది పది కాదు గదా,” అన్నాను.

“అయితే ముగ్గురు కూడా కావచ్చునంటారా?”

“ముగ్గురు కావచ్చు, ఆరుగురు కావచ్చు. చీకట్లో కత్తి చూసి బెదిరిన మనిషి మాట అది. ఇంగ్లీషులో ఆ మాట అంకె అయి కూచున్నది. మీరు చెప్పుకోవలసింది అది.”

ఆవిడ దాన్ని కాయితం మీద రాసుకుని వెళ్ళింది. నా తర్జుమాలో తప్పేమీ లేదు. కాని భాషలు రెండూ వేరు వేరు లోకాలు. ఒకదానిలో భయాన్ని చెప్పే మాట రెండో దానిలో సంఖ్య అవుతుంది. ఆ సంఖ్య మీద శిక్ష ఆధారపడుతుంది.

ఆ అప్పీలు విచారణకు రాకముందే ముద్దాయిల్లో ఒకడి తల్లి కోర్టు వరండాలోకి వచ్చేది. కాయితాలు వుండేది మా గదిలోనని ఎవరో చెప్పారు కాబోలు, గుమ్మం దగ్గర నిలబడింది.

“బాబూ, మావోడు ఆ రేత్రి కల్లంకాడ కావిలి వున్నాడు. ఆసామి కూడా చూశాడు. ఆ మాట మీ కాయితాల్లో వుందా బాబూ?”

ఆ మాట కాయితాల్లో లేదు. సాక్ష్యం ముగిసిన తరవాత ముద్దాయిని జడ్జీ స్వయంగా ప్రశ్నలడుగుతాడు. ఫలానా సాక్షి ఇట్లా చెప్పాడు, ఏమంటావు? అబద్ధం. ఫలానా నివేదికలో ఇట్లా వున్నది, ఏమంటావు? అబద్ధం. ఇంకేమైనా చెప్పుకుంటావా? లేదు. నీ తరఫు సాక్షులున్నారా? లేరు. ఆమె కొడుకు పరీక్ష యావత్తూ ఇంతే. వాడికి మాట్లాడటం రాక కాదు. అడిగేవాడికీ చెప్పేవాడికీ మధ్య వున్న దూరం అటువంటిది. వాడి తరఫు వకీలు ఆసామిని సాక్షిగా పిలవలేదు. ఆసామికి పోలీసులతో ఏం పని వుంటుందో మనకు తెలియనిది కాదు. కల్లమూ, కావలీ, ఆ రాత్రీ లోకంలో వున్నాయి, రికార్డులో లేవు. పై కోర్టు లోకాన్ని చదవదు, రికార్డును చదువుతుంది. నేను ఆమెకు లేదని చెప్పాను. “అయితే మీరు రాయండి బాబూ,” అన్నది. తర్జుమాచేసేవాడు వున్నదాన్నే మారుస్తాడనీ, లేనిదాన్ని రాయటానికి వీల్లేదనీ ఆమెకు చెప్పటం చాలా కష్టమయింది.

అప్పీలులో వాదించిన అంశాలు మూడు. మొదటిది, ఈ అయిదో మనిషి. ముద్దాయిలు నలుగురే అయినా, అయిదుగురు పాల్గొన్నట్టు రుజువయితే శిక్ష నిలుస్తుంది. రుజువు కాకపోతే బందిపోటు దోపిడీ నిలవదు. రెండోది, గుర్తింపు పరేడు. మేజిస్ట్రేటు జైల్లో ముద్దాయిని అదే వయసూ అదే వాలకమూ వున్న ఇతరుల మధ్య నిలబెట్టి సాక్షిని గుర్తు పట్టమంటాడు. ఇది చాలా మంచి పద్ధతే. కాని ముద్దాయిని అంతకుముందే సాక్షి చూసి వుండకూడదు. ఇక్కడ ముసలాయన వాళ్ళను స్టేషనులో కూచోబెట్టి వుండగా చూశానని అడ్డు ప్రశ్నలో తానే చెప్పాడు. మూడోది, దొరికిన సొత్తు. దొంగతనం జరిగిన వెంటనే సొత్తు ఎవడి దగ్గర దొరికితే వాడు దొంగ అయినా అయి వుండాలి, దొంగసొత్తు అని తెలిసి తీసుకున్నవాడైనా అయి వుండాలి అని కోర్టు ఊహించవచ్చు. కాని దొరికినది ఆ సొత్తే కావాలి గదా. గొలుసు దొరకనే లేదు. దొరికినవి రెండు బిందెలూ, ఒక జత కడియాలూ. వాటిని చూసి ముసలావిడ ‘మావి లాగే వున్నాయి’ అన్నది. పాపం ఆవిడ నిజాయితీగా అన్న ఆ ‘లాగే’ను తీర్పు రాసిన కింది కోర్టు చదవలేదు.

పై కోర్టు జడ్జీకి తెలుగు వచ్చు. ఆయనకు ‘నలుగురయిదుగురు’ను వివరించవలసిన అవసరం లేకపోయింది. ‘లాగే’ను కూడా వివరించనక్కర్లేదు. నలుగురినీ విడుదల చేశారు. అప్పటికి వాళ్ళు జైలుకు పోయి అయిదేళ్ళు దాటింది. అప్పీలు తేలేదాకా శిక్షను నిలిపి జామీను మీద విడిచే అధికారం పై కోర్టుకు వున్నది. కాని జామీనుకు పూచీదార్లు కావాలి, పూచీదార్లకు ఆస్తి కావాలి. కల్లం కావలి కాసేవాడికి ఆస్తిగల చుట్టాలుండరు.

ఇది చిన్న పల్లె కేసు. దేశమంతా చదవవలసిన కేసు ఇంకొకటి వున్నది. 2003 జూన్ 5 రాత్రి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర ఒక తోటలో గుడిసె వేసుకుని వున్న కుటుంబం మీద బందిపోట్లు పడ్డారు. డబ్బూ నగలూ దోచుకున్నారు. ఆడవాళ్ళ మీద అత్యాచారం చేశారు. అయిదుగురిని చంపారు. గాయాలతో బతికి బయటపడ్డవాళ్ళలో ఆ ఇంటి తల్లి ఒకామె. ఆ ఘోరాన్ని తగ్గించి చెప్పటానికి ఎవరికీ అధికారం లేదు. కొద్ది రోజుల తరవాత సంచార జాతులకు చెందిన ఆరుగురు కూలివాళ్ళను పట్టుకున్నారు. 2006లో నాసిక్ సెషన్సు కోర్టు ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది. 2007లో బొంబాయి హైకోర్టు ముగ్గురి ఉరిని ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవంగా తగ్గించింది. 2009 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఆ తగ్గింపును కూడా రద్దుచేసి ఆరుగురికీ ఉరే అన్నది. వాళ్ళలో ఒకడు నేరం నాటికి పద్దెనిమిదేళ్ళు నిండనివాడని 2012లో తేలింది.

ఉరిశిక్ష కేసుల్లో పునర్విచారణ పిటిషనును ముగ్గురు జడ్జీలు బహిరంగ కోర్టులో, వాదన విని తేల్చాలని 2014లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. అంతకుముందు అట్లాంటి పిటిషన్లు మామూలుగా జడ్జీల గదుల్లోనే, వకీలు లేకుండా, కాయితాల మీదనే ముగిసేవి. ఆ మార్పు వల్ల ఈ ఆరుగురి అప్పీళ్ళు మళ్ళీ విచారణకు వచ్చాయి. 2018లో కోర్టు తన 2009 తీర్పును తానే వెనక్కి తీసుకున్నది. 2019 మార్చి 5న ముగ్గురు జడ్జీలు ఆరుగురూ నిర్దోషులని తీర్పు చెప్పారు. ఘటన జరిగిన రెండు రోజులకే, బతికి బయటపడ్డ ఆ తల్లికి పోలీసులు తమ దగ్గర వున్న నేరస్థుల ఫొటోలు చూపిస్తే ఆమె నలుగురిని గుర్తించింది. ఆ నలుగురూ ఈ ఆరుగురిలో లేరు. ఆ నలుగురి మీద కేసు నడవలేదు. తరవాత ఎన్నో వారాలకు జరిపిన గుర్తింపు పరేడునే కింది కోర్టూ హైకోర్టూ నమ్మాయి. కోర్టు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు పరిహారం ఇమ్మన్నది. తప్పుచేసిన పోలీసు అధికారులెవరో తేల్చి చర్య తీసుకోమన్నది. అప్పటికి పదహారేళ్ళు గడిచాయి.

2019లో కొత్త సాక్షి ఎవరూ బోనెక్కలేదు. నేరం అదే, సాక్షులు అవే పేర్లు, ముద్దాయిలు అదే ఆరుగురు. మారింది ఒక్కటే, చదివిన పద్ధతి. 2009లో నేరం ఎంత ఘోరమో చదివారు. 2019లో ఆ నేరానికీ ఈ మనుషులకూ సంబంధం వున్నదా అని చదివారు. మొదటి పఠనంలో పాఠకుడు వస్తువుకు చలించిపోయి శిల్పంలోని అతుకులు చూడలేదు. సాహిత్యంలో కూడా మనం తరచు చేసే పనే ఇది. వస్తువు గొప్పదయితే చాలు, కథ నిజమయిందని ఒప్పేసుకుంటాం. 2009 తీర్పు వచ్చిన రెండు వారాలకే, మే 13న, అదే సుప్రీంకోర్టులో వేరే జడ్జీలు మరొక కేసులో, ఉరి వేసేటప్పుడు నేరాన్ని మాత్రమే చూస్తే చాలదు, నేరం చేసినవాణ్ణి కూడా చూడాలని చెప్పారు. 1980లోనే అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ మాట చెప్పి వున్నది. అయినా మళ్ళీ గుర్తు చెయ్యవలసి వచ్చింది.

సంచార జాతులవాళ్ళు ఇట్లా చిక్కుకోవటం యాదృచ్ఛికం కాదు. 2019 తీర్పే ముద్దాయిల పేదరికాన్నీ, సంచార జాతినీ ఎత్తి చూపి, ఘోరమైన నేరాల్లో నిర్దోషుల్ని ఇరికించటం అరుదు కాదన్నది. 1871లో బ్రిటిషువాళ్ళు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా విస్తరించారు. దాని ప్రకారం మనిషి నేరం చెయ్యనక్కర్లేదు, ఆ జాతిలో పుడితే చాలు. స్టేషనులో పేరు రాయించుకోవాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. బాపట్ల దగ్గర స్టువార్టుపురం అట్లా వెలిసిన సెటిల్‌మెంటే. ఎరుకలవాళ్ళను అక్కడ పెట్టి పాలనను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. స్వాతంత్ర్యం వచ్చాక మన తిరుచానూరువాడు అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షుడుగా వున్న సంఘం ఆ చట్టాన్ని ఎత్తివెయ్యమన్నది. 1952 ఆగస్టు 31న అది పోయింది. చట్టం పోయింది గాని రిజిస్టరు పోలేదు. ‘కేడీ’ అని మనం పిల్లల్ని కూడా తిడతామే, ఆ మాట పోలీసు రిజిస్టరు లోంచి రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలుగా బయలుదేరి మన భాషలోకి వచ్చింది. ఒక దోపిడీ జరగ్గానే పోలీసు ముందు తెరిచేది ఘటనాస్థలాన్ని కాదు, ఆ రిజిస్టరును.

మన సాహిత్యం ఈ విషయంలో ఏం చేసింది? మన కథల్లో దొంగలు ప్రధానంగా రెండు రకాలు. పెద్దల్ని కొట్టి పేదలకు పెట్టే గజదొంగ ఒకడు. పాఠకుణ్ణి నవ్వించే చిల్లర దొంగ ఒకడు. ఇద్దరూ దొంగతనం చేసినవాళ్ళే. మూడోరకం మనిషి వున్నాడు: దొంగతనం చెయ్యనివాడు, చేసినట్టు రాయబడ్డవాడు. వీడు కథకు లొంగడు. వీడి జీవితంలో సాహసం లేదు, తిరుగుబాటు లేదు, ‘అబద్ధం’, ‘లేదు’, ‘లేరు’ అనే మూడు మాటలు మాత్రం వున్నాయి. రావిశాస్త్రి స్వయంగా వకీలు గనక, ‘ఆరు సారా కథలు’ మొదలుకుని తన రచనల్లో కోర్టునూ పోలీసునూ పేదవాణ్ణీ ఒకచోట నిలబెట్టి చూపించాడు. ఆ దారిన నడిచినవాళ్ళు కొద్దిమంది. అభ్యుదయ రచయితలమని చెప్పుకునేవాళ్ళు గజదొంగను చూసి ముచ్చటపడటం మాని, వరండాలో నిలబడి మా కాయితాలు అడిగిన ఆ తల్లిని చూడాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావటం న్యాయమే. ఇట్లా మాటమాటకూ అర్థాలు లాగుతూ పోతే అసలు దొంగలు కూడా తప్పించుకుపోరా? దోపిడీకి గురైనవాళ్ళ గతి ఏమిటి? నేను తర్జుమా చేసిన కాయితాల్లో వాళ్ళ గోడు కూడా వున్నది; చీకటిపడితే తలుపు గడియ రెండుసార్లు చూసుకునే ముసలివాళ్ళను నేను తేలిగ్గా తీసుకోలేను. కాని నాసిక్ తల్లి సంగతి ఆలోచించండి. ఆమె నలుగురిని చూపించింది. పోలీసులు ఆమె మాట వినలేదు. వేరే ఆరుగురికి ఉరిశిక్ష పడితే ఆమెకు జరిగిన న్యాయం ఏమిటి? తప్పుడు శిక్ష పడ్డ ప్రతి కేసులోనూ అసలు దొంగకు బేషరతుగా క్షమాభిక్ష దొరికినట్టే. వాడికోసం ఇక ఎవరూ వెతకరు. దోపిడీకి గురైనవాళ్ళ పక్షాన నిలబడదలుచుకున్నవాడు అందరికన్నా ముందు రికార్డును అనుమానించాలి.

నేరం నిజంగా చేసినవాళ్ళ విషయం కూడా ఒకటి చెప్పాలి. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దోచుకోబోయి పెట్రోలు పోసి నిప్పంటించిన కేసులో 23 మంది కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. రచయితలూ, పౌరహక్కులవాళ్ళూ ఉద్యమం చేశారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చాడు. అక్కడ ఉద్యమం అడిగింది దయ. దయ అడగటం తప్పు కాదు. కాని అప్పీలు దయ కాదు. అప్పీలు దారు నన్ను కరుణించండి అనడు. నా మీద రాసినదాన్ని సరిగా చదవండి అంటాడు. ఇది హక్కు. హక్కును దయగా చూడటం అలవాటయిన దేశంలో ఈ తేడాను పదే పదే చెప్పవలసి వస్తుంది.

ఈ హక్కు ఎంత పల్చని కాయితం మీద నిలబడి వున్నదో 1978లో సుప్రీంకోర్టు చూసింది. ఒక ఖైదీ 1973లో హైకోర్టు వేసిన శిక్ష మీద అప్పీలు చేసుకోవటానికి 1978 దాకా రాలేకపోయాడు. కారణం, తీర్పు నకలు అతని చేతికి అందలేదు. శిక్ష అప్పటికి అనుభవించటం అయిపోయింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో, ఖైదీకి తీర్పు నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలనీ, వకీలును పెట్టుకోలేనివాడికి రాజ్యమే వకీలును ఇవ్వాలనీ, ఇది దానం కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కనీ చెప్పారు. నకలు అంటే ఏమిటి? నాలాంటి గుమాస్తాలు రాసి, సరిచూసి, ముద్ర వేసే కాయితం. ఒక్క కాయితం కదలకపోతే మొత్తం రాజ్యాంగం కదలదు.

కనక ఈ పత్రిక చదివేవాళ్ళను నేను కోరేది ఒకటే. తీర్పులు ఇప్పుడు ఎవరైనా చదవటానికి దొరుకుతున్నాయి. మీ జిల్లాలో జరిగిన ఒక దోపిడీ కేసు తీర్పును తీసుకుని, నవలను చదివినట్టు చదవండి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి బదులు ఎవరు మాట్లాడుతున్నారు, ఏ పాత్రకు సంభాషణ లేదు, ఎక్కడ అందరూ ఒకే వాక్యం పలుకుతున్నారు, ఎక్కడ ఒక ‘లాగే’ మాయమయింది, ఎక్కడ ఒక భయం అంకెగా మారింది అని అడగండి. విమర్శ అన్న విద్య మనకు అబ్బితే దాన్ని కవుల మీద మాత్రమే ప్రయోగించి ఊరుకోవటానికి కారణం లేదు.